కోడికునుకు

రెండు వందల ఏడు.
ఆ ఏడు మీద ఇద్దమ్మ వేలు ఆగింది.
రెండొందల లోపలుంటే జీరో బిల్లు,
దాటితే మొదటి యూనిట్ నుంచి కట్టాలె.
"ఉండేది నేను, మా చెల్లె, ఒక పిల్లి.
ఈ ఏడు ఎవడు తిన్నడు సైదులూ?"

హాలియాల టీవీలు బాగుచేసేటోణ్ని,
దొంగల్ని పట్టేటోణ్ని కాదు.
అయినా టెస్టరు జేబుల పెట్టుకొని పోయిన.
లైట్లు ఆర్పినం. ఫ్రిజ్ ప్లగ్గు పీకినం.
టీవీని, ఫ్యాన్ని, హోం థియేటర్ని
ఆమెనే మంచంల కూసొని రిమోట్లతోని బంద్ చేసింది,
పిల్లల్ని బడికి తోలినట్టు
ఒకదానెనక ఒకటి.

వరండాల మీటరు కింద పీటేసుకున్న.
మనసుల లెక్కపెడ్తున్న.
ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై.
ఎర్రగ కన్ను కొట్టింది.
మళ్ల నలభై. మళ్ల కొట్టింది.
అన్నీ ఆరిపోయిన ఇంట్ల
ఎవరో మెల్లగ నములుతున్నరు.

దొంగను పట్టింది నేను కాదు, పిల్లి.
సెట్‌టాప్ బాక్సు మీద ముడుసుకొని పండుకున్నది,
చలికాలం పొయ్యిగడ్డ మీద పండుకున్నట్టు.
పిల్లిని జరిపి చెయ్యి పెట్టిన.
జొరమొచ్చిన పిల్ల నుదురు.

"బంద్ చేసిన గద!"
బంద్ కాలే ఇద్దవ్వా, కోడికునుకు తీస్తున్నది.
నువ్వెప్పుడు నొక్కుతవో అని
పగలు రాత్రి చెవి నిక్కబెట్టుకున్నది.
నువ్వు పిలిచేది రోజుకు రెండుసార్లు,
వినేటందుకు అది తినేది ఇరవై నాలుగు గంటలు.

ఆ మాట అన్నంక నాకే గొంతు పట్టింది.

రాత్రి కరెంటు కాలం.
త్రీఫేజ్ ఎప్పుడొస్తదో సబ్‌స్టేషనోనికే తెల్వదు.
నాయిన స్టార్టరు డబ్బా పక్కన గొంగడి పరుచుకొని
ఒక చెవి నేలకు, ఒక చెవి వైరుకు.
బల్బు ఎలిగేలోపే లేచేటోడు.
ఆటో స్టార్టరు పెట్టుకోరాదే అంటే
"మోటరుకు తెలివొస్తె ఇగ నేనెందుకు" అనేటోడు.
దినమంత కరెంటొచ్చినంక గూడ
రెండింటికి లేచి కూసునేటోడు
ఎవరూ పిలువకున్నా.
ఆయన ఎన్ని యూనిట్లు కాలిండో
రాసిన మీటరు లేదు.

నెలరోజులు షాపుల రాత్రిపూట కూసున్న.
ఒక రిలే, ఒక కెపాసిటరు,
పాత టీవీల నుంచి ఊడబీకిన సెన్సార్లు.
పెట్టె సచ్చినట్టు నిద్రపోవాలె,
రిమోట్‌ల పుట్టిన ఇసుమంత వెలుగే దాన్ని లేపాలె,
పిలిచేటోడే పిలుపు ఖర్చు పెట్టుకోవాలె.
పని చేసింది.
జానెడు దూరంల పట్టి నొక్కితే.
"అంత దగ్గరికి పోయేదుంటే స్విచ్చే ఎయ్యొచ్చు గద"
అని చంద్రకళ నవ్విన నవ్వుకు
ఎదురుషాపు టైలరు మిషను ఆపి చూసిండు.

ఆమె అన్నది తప్పేం కాదు.
ఇద్దమ్మ ఇంట్ల స్విచ్చు ఎక్కడున్నది?
బీరువ వెనక, చెయ్యి దూరని సందుల.
మోకాళ్లు పట్టేసినామె రిమోట్ కాక ఏం పట్టుకుంటది?
వైరు ఇవతలికి గుంజిన.
మంచంపట్టె పక్కన, పండుకొని చాపితే
ఆమె చెయ్యి పడేకాడ
తెల్లటి స్విచ్చు ఒకటి బిగిచ్చిన.
మూడు మీటర్ల వైరు, ఒక డబ్బా, నాలుగు స్క్రూలు.
నెలరోజుల చదువు మూలకు పడ్డది.

టక్.
వరండాల నలభై అయింది. ఎనభై అయింది.
రెండు వందల ఏడు దాక లెక్కపెట్టిన.
కన్ను కొట్టలే.

పొద్దుగాల పెట్టె లేచేటందుకు రెండు నిమిషాలు పడ్తది,
ఓపిక పట్టాలె అన్న.
"మనుషులకే అంతకంటే ఎక్కువ పడ్తది, లేవనియ్యి."
పిల్లి మాత్రం నా మొకం చూస్తలేదు.

ఇంటికొచ్చి పండుకున్న.
రెండింటికి మెలకువొచ్చింది.
పొలం కౌలుకిచ్చి తొమ్మిదేండ్లు,
ఇనడానికి మోటరు లేదు.
చీకట్ల చెవి వెనక తడుముకున్న,
ఉండదని తెలిసి గూడ,
స్విచ్చు కోసం.